డీజిల్ కారా, పెట్రోల్ కారా? ముందు పాత సర్వీసు బిల్లులు తీయండి

పోయిన నెల మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. పాత చిన్న కారు ఇచ్చేసి కొత్తది తీసుకుంటున్నాడు. ఏ కంపెనీ, ఏ రంగు, సన్‌రూఫ్ ఉండాలా వద్దా, అన్నీ తేల్చేసుకున్నాడు. మిగిలింది ఒక్కటే.

“మావయ్యా, డీజిల్ తీసుకోనా, పెట్రోల్ తీసుకోనా?”

“నీ బండి నెలకి ఎంత తిరుగుతుందిరా?”

“బాగానే తిరుగుతుంది.”

“బాగానే అంటే?”

“రెండు వేలు దాటుతుందేమో.”

ఆ ‘ఏమో’ దగ్గరే లక్షన్నర రూపాయలు చేతులు మారతాయి. నావి మారాయి కాబట్టి చెబుతున్నాను.

సర్వీసు సెంటర్ వాళ్లిచ్చే ప్రతి బిల్లు మీదా తేదీ, ఆ రోజుకి మీటరు రీడింగ్ ఉంటాయి. ఏడాది తేడా ఉన్న రెండు బిల్లులు తీసి, పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసి, పన్నెండుతో భాగిస్తే చాలు. వాడి చేత అదే చేయించాను. 31,200 నుంచి 47,400. ఏడాదికి 16,200 కిలోమీటర్లు, నెలకి 1,350. వాడనుకున్న రెండు వేలలో మూడో వంతు ఉత్తదే. వారానికి మూడు రోజులు మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి, నెలకి రెండుసార్లు విజయవాడలో వాళ్లమ్మ దగ్గరికి. అంతే వాడి తిరుగుడు, కాగితం మీద వాడే రాసి పంపాడు.

మొదటిసారి కారు కొనేవాళ్లకి బిల్లులు ఉండవు. ఆఫీసు దూరం, ఊరు వెళ్లే సార్లు కాగితం మీద రాసి కూడండి. వచ్చినదాంట్లో పావు వంతు కొట్టేయండి. కారు కొనకముందు అందరం మనసులో ప్రతి ఆదివారం సూర్యలంక బీచికి వెళ్లొస్తుంటాం.

డీజిల్ చవక అన్న మాట ఎక్కడిది

ఈ మాట మన ఇళ్లలో 2012 ప్రాంతంలో గట్టిగా పాతుకుపోయింది. పెట్రోల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ 2010 జూన్‌లోనే ఎత్తేశారు. డీజిల్ మీద 2014 అక్టోబరు దాకా ఉంచారు. ఆ మధ్య కాలంలో రెండింటి మధ్య దూరం విపరీతంగా పెరిగింది. 2012 మే నెలలో ఢిల్లీలో లీటరు పెట్రోల్ 73 రూపాయలు, డీజిల్ 41. లీటరు దగ్గరే ముప్పై రెండు రూపాయలు మిగులుతుంటే ఇక ఆలోచించేదేముంది? అప్పట్లో అమ్ముడయ్యే కార్లలో సగానికి పైగా డీజిలే. ఫియట్ వాళ్ల 1.3 లీటర్ల ఇంజినే స్విఫ్ట్‌లోనూ, ఇండికా విస్టాలోనూ, పుంటోలోనూ కనిపించేది. మా వీధిలో అప్పుడు కొన్న స్విఫ్ట్ డీజిల్ ఒకటి ఇప్పటికీ టకటకమంటూ తిరుగుతోంది.

ఇప్పుడు ఆ తేడా లేదు. 2024 మార్చిలో లీటరుకి రెండు రూపాయలు తగ్గించాక హైదరాబాద్‌లో పెట్రోల్ 107 చిల్లర, డీజిల్ 95 చిల్లర. పన్నెండు రూపాయల దూరం. విజయవాడలో రెండూ ఇంకో రెండు రూపాయల దాకా ఎక్కువే. (కాకినాడ వాళ్లకి యానాం ఉంది. పుదుచ్చేరి పన్ను కాబట్టి అక్కడ లీటరుకి పది రూపాయల పైనే తక్కువ. వాళ్ల లెక్క వాళ్లది.) మీరు ఇది చదివే రోజుకి రేటు మారి ఉంటే మీ బంకు రేటు వేసుకోండి. లెక్క చేసే పద్ధతి అదే.

లెక్క

ఒకే కారు, రెండు ఇంజిన్లు ఉంటే పోల్చడం తేలిక. హ్యుందాయ్ క్రెటా తీసుకుందాం, మా వాడి కన్ను దాని మీదే ఉంది. గేర్లు మార్చుకునే రకంలో 1.5 పెట్రోల్‌కి కంపెనీ చెప్పే మైలేజీ 17.4, 1.5 డీజిల్‌కి 21.8. మన రోడ్ల మీద, ఏసీతో, హైవే కొంత ఊళ్లో కొంత అనుకుంటే 15, 19 అని పెట్టుకుందాం. పెట్రోల్‌కి కిలోమీటరుకి 7 రూపాయల 17 పైసలు, డీజిల్‌కి 5 రూపాయల 4 పైసలు. తేడా 2 రూపాయల 13 పైసలు. డీజిల్ సర్వీసు, ఫ్యూయల్ ఫిల్టర్ ఖర్చు కాస్త ఎక్కువ కాబట్టి ఆ పదమూడు పైసలు వదిలేయండి. కిలోమీటరుకి రెండు రూపాయలు మిగులు.

ఇక అదే వేరియంట్లో డీజిల్‌కి లక్షన్నర దాకా ఎక్కువ పెట్టాలి. షోరూమ్ ధర పెరిగితే లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కూడా దాని వెంటే పెరుగుతాయి. రోడ్డెక్కేసరికి లక్షా డెబ్బై ఐదు వేలు. చేతిలో డబ్బు పోసి కొనేవాళ్లు దీన్ని రెండుతో భాగించి 87,500 కిలోమీటర్లు అనుకోవచ్చు. మనలో ఎక్కువ మంది లోన్ మీద కొంటాం. లక్షా డెబ్బై ఐదు వేలకి 9 శాతం వడ్డీ, ఐదేళ్లు వేస్తే ఈఎంఐ 3,630 రూపాయలు. మొత్తం కట్టేది 2 లక్షల 18 వేలు.

నేను మా వాడికి చెప్పిన అడ్డదారి ఇది. డీజిల్ వల్ల పెరిగే ఈఎంఐని కిలోమీటరు మిగులుతో భాగించు. 3,630 బై 2, అంటే దరిదాపు 1,815. నెలకి అంతకన్నా ఎక్కువ తిరిగితే డీజిల్ తన ఈఎంఐ తనే కట్టుకుంటుంది. తక్కువైతే నీ జేబులోంచి కడుతున్నావు.

వాడి 1,350 కిలోమీటర్లకి నెలకి మిగిలేది 2,700. కట్టేది 3,630. ఐదేళ్లూ నెలకి 930 రూపాయలు ఎదురు. లోన్ తీరాక మిగులు మొదలవుతుంది గానీ, పెట్టిన 2 లక్షల 18 వేలు పూర్తిగా తిరిగి రావాలంటే ఆరు సంవత్సరాల తొమ్మిది నెలలు. అమ్మేటప్పుడు డీజిల్ బండికి కాస్త ఎక్కువ వస్తుంది కాబట్టి ఇంకొంచెం ముందే తేలొచ్చు. వాడు మాత్రం ఐదేళ్లకోసారి కారు మారుస్తాడు.

నా బండి, హనుమాన్ జంక్షన్ ఇడ్లీ

డబ్బు లెక్క ఒకటే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. 2021లో నేను డీజిల్ తీసుకున్నాను. ఏ కంపెనీ అన్నది అనవసరం, తప్పు బండిది కాదు. ఇల్లు పటమట, పని గవర్నర్‌పేట. పొద్దున పాపని స్కూల్లో దింపడం, సాయంత్రం కూరగాయలు. నెలకి నాలుగు వందల కిలోమీటర్లు తిరిగితే గొప్ప. షోరూమ్‌లో ఆ కుర్రాడు మైలేజీ చెప్పాడు, టార్క్ చెప్పాడు, రోజుకి ఎంత దూరం తిరుగుతారని మాత్రం అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఏడో నెలలో డాష్‌బోర్డ్ మీద నారింజ రంగు లైటు వెలిగింది. చిన్న పెట్టె, దాంట్లో చుక్కలు. అది డీపీఎఫ్, అంటే డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ లైటు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 అనే కొత్త కాలుష్య ప్రమాణంతో వచ్చిన డీజిల్ కార్లలో పొగ గొట్టం దారిలో ఈ జల్లెడ లాంటిది ఉంటుంది. పొగలోని మసిని పట్టి ఉంచుతుంది. నిండాక ఆ మసిని తనే కాల్చేసుకోవాలి. అందుకు దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి రావాలంటే బండి ఇరవై నిమిషాలైనా ఆగకుండా, అరవై దాటిన వేగంతో పరుగెత్తాలి. పటమట నుంచి గవర్నర్‌పేటకి మధ్యలో బెంజి సర్కిల్ ఉంది. అక్కడ అరవై అంటే నిమిషాలు, వేగం కాదు.

“హైవే మీద ఒక రౌండ్ వేసి రండి సార్,” అన్నాడు సర్వీసు సెంటర్‌లో. ఆదివారం పొద్దున్నే ఏలూరు రోడ్డెక్కి హనుమాన్ జంక్షన్ దాకా వెళ్లాను. నాలుగో గేరులో రెండు వేల ఆర్‌పీఎం పైనే ఉంచుకుంటూ. గన్నవరం దాటాక లైటు ఆరిపోయింది. జంక్షన్‌లో ఇడ్లీ తిని వెనక్కి వచ్చాను. బాగానే ఉందనిపించింది. తర్వాత నెల మళ్లీ వెలిగింది. ఆ పై నెల కూడా. మైలేజీ కోసం కొన్న బండిని, దాని కడుపు శుభ్రం చేయడానికి నెలకి ఎనభై కిలోమీటర్లు ఊరికే తిప్పడం మొదలుపెట్టాను.

ఒకసారి ఇంట్లో పెళ్లి పనుల్లో పడి పది రోజులు ఆ లైటుని పట్టించుకోలేదు. బండి స్పీడు అందుకోవడం మానేసింది. ఎంత తొక్కినా నలభై. సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్తే కంప్యూటర్ తగిలించి బలవంతంగా కాల్పించారు. నాలుగున్నర వేల బిల్లు. ఇంజిన్ ఆయిల్ పుల్ల తీసి చూపిస్తే ఆయిల్ ఉండాల్సిన గీత కన్నా పైన ఉంది. మసి కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. మధ్యలో బండి ఆపేస్తూ ఉంటే ఆ డీజిల్ ఆయిల్లోకి దిగుతుంది. ఆయిల్ కూడా ముందే మార్చాల్సి వచ్చింది.

మీ దగ్గర ఇప్పటికే డీజిల్ ఉంటే ఈ గుర్తులు చూసుకోండి. నిలబడి ఉండగా ఇంజిన్ మామూలుకన్నా కాస్త ఎక్కువ వేగంగా తిరగడం, మైలేజీ అంకె ఒక్కసారిగా పడిపోవడం, వేడి ఇనుము లాంటి వాసన, బండి ఆపాక కూడా ఫ్యాన్ గట్టిగా తిరుగుతూనే ఉండటం. అప్పుడు మసి కాలుతోందన్నమాట. ఇంటి ముందుకి వచ్చేసినా సరే, ఇంకో పది నిమిషాలు తిప్పి రండి.

కొన్ని డీజిల్ కార్లకి డీఈఎఫ్ అని యూరియా నీళ్లు కూడా పోయాలి. దాని మూత నీలం రంగులో ఉంటుంది. పూర్తిగా అయిపోతే, ఒకసారి ఆపాక బండి మళ్లీ స్టార్ట్ అవదు. పోయడం కష్టమేమీ కాదు, మర్చిపోవడమే కష్టం.

2024లో ఆ బండి అమ్మేసి పెట్రోల్ తీసుకున్నాను. ఇప్పుడు హనుమాన్ జంక్షన్ ఇడ్లీ తిని చాలా కాలమైంది.

డీజిల్ ఎవరికి పుట్టిందో వాళ్ల దగ్గర చూడాలి

భీమవరంలో మా బావగారిది రొయ్యల ఫీడ్ డీలర్‌షిప్. పొద్దున ఆకివీడు, మధ్యాహ్నం కైకలూరు, ఆ మర్నాడు మొగల్తూరు, నెలకోసారి నెల్లూరు. మూడు వేల కిలోమీటర్లు తేలిగ్గా దాటుతుంది. ఆయన పాత ఇన్నోవా 2 లక్షల 80 వేలు తిరిగింది, ఇంజిన్ విప్పలేదు. వెనక సీట్లు మడిచి ఫీడ్ బస్తాలు వేసుకున్నా గట్టు ఎక్కేస్తుంది. ఆయనకి పెట్రోల్ చెప్పడం తెలివితక్కువ. నెలకి ఆరు వేలు మిగులుతున్నప్పుడు ఈఎంఐ తేడా ఒక లెక్కా?

ఆయనకి నేను చెప్పింది ఒకే ఒక్క జాగ్రత్త. చెరువుల దగ్గర జనరేటర్ కోసం డ్రమ్ముల్లో డీజిల్ ఉంటుంది. పాత బండికి అవసరమైనప్పుడు అందులోంచే క్యాన్‌తో పోసేవారు. బీఎస్6 బండికి ఆ పని చేయకూడదు. డ్రమ్ములో నీళ్లు, దుమ్ము చేరితే ఇంజెక్టర్లు పోతాయి. వాటి ధర విన్నాక ఆయన క్యాన్ అటక మీద పెట్టేశారు.

ఘాట్ రోడ్ల సంగతి కూడా ఉంది. క్రెటా పెట్రోల్ ఇంజిన్ తన పూర్తి లాగే శక్తి, 144 న్యూటన్ మీటర్లు, 4,500 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది. డీజిల్ 250 ఇస్తుంది, అదీ 1,500 దగ్గరే. కాగితం మీద ఇవి అంకెలే. ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టి తిరుమల ఎక్కుతున్నప్పుడు తెలుస్తుంది. మామూలు పెట్రోల్ అయితే మలుపు మలుపుకీ రెండో గేరు, ఇంజిన్ కేకలు, ఒక్కోసారి ఏసీ ఆపడం. డీజిల్ గొణుక్కుంటూ ఎక్కేస్తుంది. అనంతగిరి మీదుగా అరకు వెళ్లేవాళ్లకి, దోర్నాల నుంచి శ్రీశైలం తరచుగా వెళ్లేవాళ్లకి ఇది నిజమైన కారణమే. ఏడాదికోసారి వెళ్లేవాళ్లకి కాదు. టర్బో పెట్రోల్ ఈ లోటు చాలావరకు తీరుస్తుంది. కాకపోతే కాలు గట్టిగా పెడితే దాని మైలేజీ బాధ కలిగిస్తుంది.

పెట్రోల్ వాళ్లకి వేరే టెన్షన్

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఒకే లీటరులో ఇథనాల్‌కి పెట్రోల్ కన్నా మూడో వంతు శక్తి తక్కువ. కాబట్టి మైలేజీ ఎంతో కొంత తగ్గక తప్పదు. పాత కార్లలో ఇది 6, 7 శాతం దాకా ఉండొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. దీనికి తగ్గట్టు తయారైన కార్లలో 1, 2 శాతం. కొత్త కారు కొంటున్నారంటే భయం లేదు. సెకండ్ హ్యాండ్ పెట్రోల్ తీసుకునేవాళ్లు పెట్రోల్ మూత లోపలి స్టిక్కర్, కారుతో ఇచ్చే పుస్తకం చూసి ఈ20 అని ఉందో లేదో తెలుసుకోవాలి.

బంకులో ఒక మాట. చాలాచోట్ల డీజిల్ పైపు మూతి లావుగా ఉంటుంది, పెట్రోల్ కారులో తేలిగ్గా పట్టదు. పెట్రోల్ పైపు మాత్రం డీజిల్ కారులో హాయిగా దూరిపోతుంది. కాబట్టి డీజిల్ కారు వాళ్లే దిగి నిలబడి, గట్టిగా రెండుసార్లు చెప్పాలి. పొరపాటున పోసేస్తే తాళం తిప్పకండి, తోయించి పక్కన పెట్టి ట్యాంకు దింపించండి.

అసలు ఎంచుకోవడానికి మిగిలిన కార్లు కూడా తక్కువే. మారుతీ 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ మానేసింది. హోండా, రెనో, నిస్సాన్‌లలో లేదు. చిన్న కారులో డీజిల్ కావాలంటే టాటా ఆల్ట్రోజ్ ఒక్కటే. నెక్సాన్, సోనెట్, వెన్యూ, 3ఎక్స్ఓ, క్రెటా, సెల్టోస్ లాంటివాటిలో రెండూ ఉన్నాయి. బొలెరోకి డీజిలే. ఇన్నోవాలో క్రిస్టా అంటే డీజిల్, హైక్రాస్ అంటే పెట్రోల్ లేదా హైబ్రిడ్. ఊళ్లోనే తిరుగుతూ మైలేజీ కోసం డీజిల్ వైపు చూసేవాళ్లు, బడ్జెట్ ఉంటే హైబ్రిడ్ చూడటం మంచిది. ట్రాఫిక్‌లోనే అది బాగా ఆదా చేస్తుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోల్ అయితే 1,200 సీసీ, డీజిల్ అయితే 1,500 సీసీ లోపుంటే 18 శాతం, మిగతావాటికి 40. లైఫ్ ట్యాక్స్ మాత్రం రాష్ట్రానిది, ధరను బట్టి మెట్లు మెట్లుగా ఉంటుంది. పది లక్షలు దాటగానే శాతమే పెరుగుతుంది. పెట్రోల్ వేరియంట్ తొమ్మిదిన్నర దగ్గర ఉండి, డీజిల్‌ది పదిన్నర అయితే ఆ మెట్టు దెబ్బ కూడా తగులుతుంది. షోరూమ్ వాళ్ల చేత రెండింటికీ ఆన్ రోడ్ కొటేషన్ రాయించుకోండి, నోటి లెక్క వద్దు.

సెకండ్ హ్యాండ్ డీజిల్

తక్కువలో దొరుకుతుందని సెకండ్ హ్యాండ్ డీజిల్ చూసేవాళ్లకి రెండు విషయాలు. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద ఆంక్షలు పెట్టడంతో అక్కడి బండ్లు మిగతా రాష్ట్రాలకి చవగ్గా వస్తుంటాయి. మన దగ్గర ఆ పదేళ్ల నియమం లేదు. పదిహేనేళ్లయ్యాక తనిఖీ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. కానీ అక్కడి నుంచి ఎన్ఓసీ తెచ్చి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాక అది చవకేనా అని చూసుకోవాలి.

రెండోది మా ఊరి విషయం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కడిగి, సెంటు కొట్టి అమ్మకానికి పెట్టిన బండి ఎక్కడైనా తగలొచ్చు. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి. బురద గీత అక్కడ దొరుకుతుంది, దాన్ని ఎవరూ కడగరు.

మా వాడి సంగతి

వాడిది నిజంగా ఇటూ అటూ కాని కేసు. తిరిగేదాంట్లో ఎక్కువ భాగం హైవేనే, కాబట్టి డీపీఎఫ్ గొడవ వాడికి ఉండదు. డీజిల్ నడిపి చూశాడు, ముచ్చటపడ్డాడు. పెట్రోల్ కూడా అదే రోజు, అదే రోడ్డు మీద నడిపి చూడమన్నాను, చూశాడు. చివరికి నేనడిగింది ఒక్కటే. ఈ 1,350లో 1,100 విజయవాడ రాకపోకలే. వచ్చే వైశాఖంలో నీ పెళ్లి. అమ్మాయిది హైదరాబాదే. ఆ తర్వాత కూడా నెలకి రెండుసార్లు వస్తావా?

ఫోన్‌లో కాసేపు చప్పుడు లేదు. పెట్రోలే బుక్ చేశాడు.

మా అక్కకి ఈ లెక్క అంతా వివరించాను. ఈఎంఐ, మైలేజీ ఏవీ తలకెక్కించుకోలేదు. “నెలకి రెండుసార్లు విజయవాడ అని వాడే ఒప్పుకుని రాశాడన్నావు కదా, ఆ కాగితం ఇలా ఇవ్వు,” అంది. ఇప్పుడది వాళ్లింట్లో ఫ్రిజ్ మీద అతికించి ఉంది.